నాలుగో కమాను

నా ఉద్యోగ జీవితంలో నేను కట్టినది ఒక్కటీ లేదు. సివిల్ ఇంజనీరుగా చేరి, సివిల్ ఇంజనీరుగానే రిటైరై, ఒక చిన్న కల్వర్టు కూడా కట్టలేదంటే వినేవాళ్ళు నా వైపు కాస్త జాలిగా చూస్తారు. ఏం చేయను, నాది పాత కట్టడాల శాఖ. ఎప్పుడో ఎవరో కట్టి వెళ్ళిపోయినవి పడిపోకుండా చూడటం నా పని. కట్టినవాళ్ళకు శిలాఫలకం వేస్తారు. పడకుండా ఆపినవాళ్ళకు ఏం వేస్తారు? మా ఆయనైతే, "కట్టుకున్నవాణ్ణి నేనొకణ్ణి ఉన్నానుగా, ఆ ఖాతాలో రాసుకో" అంటారు. ఆ కట్టడానికీ మరమ్మతులు నావే.

శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ బెజవాడలో మా ఇంటికి వస్తుంటారు. కంప్యూటర్లో గుమ్మటాన్ని గిర్రున తిప్పి చూపించి, ఎర్రగా కనిపించిన చోటల్లా బలహీనమని చెబుతారు. బాగుంటుంది, నేనూ ఒకసారి తిప్పి చూస్తాను. కాఫీ అయ్యాక వాళ్ళకు నాలుగు కమానుల గుమ్మటం సంగతి చెబుతాను. రిటైర్మెంటుకు కాస్త ముందు నా చేతికొచ్చిన పని అది.

ఉయ్యూరు దాటి చల్లపల్లి వైపు పోతుంటే, ఒక కాలువ గట్టు రోడ్డుకు ఆనుకుని, వరి చేల అంచున ఉంటుంది ఆ గుమ్మటం. నాలుగు మూలలా నాలుగు లావుపాటి స్తంభాలు, వాటి మధ్య నాలుగు కమానులు, పైన గుమ్మటం. అంతే. గోడల్లేవు, తలుపుల్లేవు. కాలువ పూడిక తీసినప్పుడల్లా మట్టి అక్కడే పోస్తూ రావడంతో నేల పెరిగి పెరిగి, ఒకప్పుడు ఏనుగు దూరేటంత ఉన్న కమాను ఇప్పుడు చెయ్యెత్తితే అందుతుంది. ఊళ్ళో కొందరు నవాబుల సమాధి అంటారు, కొందరు మండపం అంటారు. లోపల చూస్తే సమాధీ లేదు, విగ్రహమూ లేదు. చల్లటి నీడ మాత్రం ఉంది.

హైదరాబాదులో మాకు సలహాలిచ్చే ఆర్కిటెక్టు ఒకావిడ ఫోటోలు చూసి ఫోన్‌లోనే గంతేసినంత పని చేసింది. దీన్ని పారశీకంలో చహార్ తాక్ అంటారట, అంటే నాలుగు కమానులని. ఇరానులో అగ్నిని కొలిచిన కాలం నుంచీ ఇలాంటివి కడుతూ వచ్చారట. బందరు రేవులో పారశీక వర్తకులు దిగే రోజుల్లో ఎవరో ఆ తరహా ఇటు తెచ్చి, దారిన పోయేవాళ్ళు ఆగడానికి కట్టించి ఉంటారని ఆమె ఊహ. ఇందులో కిటుకు మూలల్లో ఉంది. చదరం మీద గుండ్రం కూర్చోదు కదా. అందుకని నాలుగు మూలల్లోనూ అడ్డంగా చిన్న కమానులు వేసి, చదరాన్ని ఎనిమిది పలకలు చేసి, వాటిని మెల్లగా అరగదీసి గుండ్రంలో కలిపేస్తారు. కొత్త కోడలి కోణాలు అత్తగారు అరగదీసినట్టన్నమాట. బరువంతా నాలుగు కాళ్ళ మీదికి సమంగా దిగాలి. ఏ ఒక్క కాలు మీద పక్షపాతం చూపినా గుమ్మటం అలుగుతుంది.

అలిగింది. రోడ్డు వైపు కమాను నెత్తిన మొదలైన చీలిక గుమ్మటంలోకి పాకింది. గట్టు రోడ్డు వెడల్పు చేస్తామంటున్న వాళ్ళు మా ఈ.ఈ. గారిని ఒకటే అడుగుతున్నారు: నిలబడేదైతే నిలబడుతుందని రాసివ్వండి, పడేదైతే మేమే తీసేస్తాం. ఈ.ఈ. గారు, అంటే మా డివిజన్‌కు పెద్ద ఇంజనీరు, మంచి మనిషి. జాగ్రత్తపరులు. నడి వేసవిలో కూడా గొడుగు లేకుండా ఆఫీసు మెట్లు దిగరు.

"లోపల దేవుడు లేడు, గోరీ లేదు," అన్నారాయన. "దేవుడుంటే భక్తులొస్తారు. గోరీ ఉంటే వారసులొస్తారు. లోపల ఎవరూ లేనిదాని కోసం ఎవరొస్తారండీ?"

"నేనొచ్చాను కదండీ."

"మీరు ఉద్యోగం మీద వచ్చారు," అని నవ్వారు. చివరికి వచ్చే ఏడు కాలువకు నీళ్ళొదిలేలోగా తేల్చమని గడువిచ్చారు. కమాను అన్నవాళ్ళే గానీ దాన్ని ఆప్యాయంగా ఇంగ్లీషులో "కమాన్, రా" అని పిలిచినవాళ్ళు మా ఆఫీసులో ఒక్కరూ లేరు.

నేను మొదటిసారి అక్కడికి వెళ్ళింది ఊడ్పుల కాలంలో. కారు దిగి కొలతల టేపు విప్పానో లేదో కుంభవృష్టి. టేపు వదిలేసి గుమ్మటం కిందికి పరిగెత్తాను. లోపల ఊడ్పుల ముఠా ఆడవాళ్ళు అన్నాల క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. తడిసి ముద్దయిన నన్ను చూసి, ముఠా పెద్ద లేచి వచ్చింది. దాదాపు నా ఈడు మనిషే. ఇంకేం అడగకుండా పొడి చీర ఒకటి నా చేతిలో పెట్టి రోడ్డు వైపు చూపించింది. ఆ వైపు కమాను పూర్తిగా ఇటుక గోడతో మూసి ఉంది. మిగతా మూడు కమానులూ చేల వైపే. అక్కడ ఉండేది వాళ్ళ వాళ్ళే. గోడ చాటున చీర మార్చుకున్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో సైట్లు తిరిగాను. ఆడ ఇంజనీరుకు చీర మార్చుకునే చోటు దొరికిన మొదటి సైటు అదే.

ఆ గోడ సంగతి తర్వాత తెలిసింది. మోకాళ్ళ లోతు బురదలో పని చేసి, సాయంత్రం తడి చీరలు మార్చుకుని ఇళ్ళకు పోవడానికి వాళ్ళకు ఆ చుట్టుపక్కల వేరే చాటు లేదు. ఒకప్పుడు రోడ్డు మీద సైకిళ్ళు, ఎడ్లబళ్ళు. ఆ తర్వాత మోటార్ సైకిళ్ళు, వాటి మీద ఫోన్లు. ఒకనాడు ఎవడో బండి ఆపి, ఫోటో తీయడానికి ఫోను ఎత్తాడట. ఆ వేసవిలోనే ముఠా అంతా కలిసి ఇటుక బట్టీ నుంచి ఇటుకలు మోసుకొచ్చి, కమాను పొట్టకు ఆనేదాకా సిమెంటుతో బిగించి గోడ కట్టేశారు. పునాది తవ్వలేదు, నేల మీదే లేపారు. ఆ గోడ గుమ్మటానికి కూడా ఊతమని అందరి నమ్మకం. గానుగ సున్నం పని తెలిసిన మా మేస్త్రి గారూ అదే అన్నారు, ఈ.ఈ. గారూ అదే అన్నారు. నేనూ కాదనలేదు.

నా అనుమానమంతా కాలువ వైపు స్తంభం మీద. అది కుంగుతోంది, అందుకే చీలిక విచ్చుకుంటోందనుకున్నాను. ఇలాంటప్పుడు చీలికకు అడ్డంగా సన్నటి గాజు పలక అతికిస్తాం. చీలిక కదిలితే గాజు పగులుతుంది. చలికాలంలో అతికిస్తే రెండో పంట దాళ్వా కోతల దాకా చెక్కుచెదరలేదు. నేను ఆఫీసులో కాలర్ ఎగరేసినంత పని చేశాను. చీరకు కాలర్ ఉండదు కాబట్టి కొంగు ఎగరేశాననుకోండి. తర్వాత కాలువకు నీళ్ళు ఆపేశారు, ఎండలు ముదిరాయి. నేల నెర్రెలు విచ్చింది. వెళ్ళి చూస్తే గాజు పగిలి ఉంది.

ఈ.ఈ. గారు విని నిట్టూర్చారు. "అయిపోయిందండి. విచ్చుకుంటోంది. తీసేయమని రాసేద్దాం."

ఆ మాట పట్టుకుని చివరి ఫోటోలు తీయడానికి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. గుమ్మటం కింద ముఠా పెద్ద ఒక్కతే, రాయి మీద నిలబడి, కమాను పైన చీలికలో ఇరుక్కున్న కొడవలిని రెండు చేతులా పట్టి లాగుతోంది. కోతలయ్యాక కొడవళ్ళు ఆ చీలికలో దోపి పోవడం వాళ్ళకు అలవాటు. అక్కడైతే పిల్లలకు అందవు.

"ఈ గుమ్మటం మా చెడ్డ పీనాసిదండి," అంది. "పెట్టినప్పుడు సులువుగా తీసుకుద్ది. ఎండాకాలం అడిగితే ఇవ్వదు. నీళ్ళొదిలాక రండి, అదే రాల్చేస్తది."

"ఏటా ఇంతేనా?"

"ఆ గోడ కట్టిన కాడినించీ ఇంతే."

నేను ఆ కొడవలి పిడి పట్టుకుని లాగాను. కదల్లేదు. చీలిక విచ్చుకుంటుంటే కొడవలి ఊడి పడాలి కదా. బిగుసుకుంటోందంటే చీలిక మూసుకుంటోందన్నమాట. గాజు పగిలితే కదిలిందని తెలుస్తుంది, ఎటు కదిలిందో తెలియదు. అక్కడే ఆ రాయి మీద కూలబడ్డాను. నేల ఎండితే చీలిక మూసుకుంటోంది, తడిస్తే విచ్చుకుంటోంది. మనది రేగడి నేల, నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. స్తంభాల పునాదులు ఎక్కడో లోతున ఉన్నాయి, వాటికి ఈ ఉబ్బరంతో పని లేదు. మరి నేల మీదే, పునాది లేకుండా, కమానుకు బిగించి కూర్చున్నది ఏది?

గోడ. ఏటా నీళ్ళొదిలినప్పుడల్లా నేల గోడను పైకెత్తుతోంది, గోడ కమానును పొడుస్తోంది. ఊతమని అందరం నమ్మినదే కింద నుంచి జాకీ వేసి లేపుతోంది.

ఆ సంగతి ఈ.ఈ. గారికి చెబితే నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. జబ్బు మనిషి చేతికర్ర లాగేయమంటున్న డాక్టర్ని చూసినట్టు చూశారు. నేను వదల్లేదు. ఆయన భోజనానికి లేస్తే వెంట లేచాను, కారు దాకా నడిస్తే కారు దాకా నడిచాను. చివరికి ఆయనే అలసిపోయారు. "గోడ తీయండి, తీశాక కమాను కింద పెట్టిన ఊతకర్రలు కూడా తీసేయండి, కొత్త గాజు అతికించండి. నీళ్ళొచ్చి నేల తడిసి ఊడ్పులయ్యాక కూడా గాజు పగలకపోతే నేను సంతకం పెడతాను. పగిలితే జేసీబీ," అన్నారు. అదీ ఒప్పందం.

ఆయన్ని ఒప్పించడం చిన్న పని. అసలు పని గోడ సొంతదార్ల దగ్గర ఉంది.

ముఠా పెద్ద ఇంటికి వెళ్ళాను. ఆదివారం ప్రార్థన నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఇస్త్రీ చీరలో ఉంది. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. నేల, ఉబ్బరం, కమాను అంతా చెప్పాను. చేతులతో చూపించాను. శ్రద్ధగా వింది.

"అంటే గుమ్మటం నిలబడాలంటే మేం బయట నిలబడాలాండీ?" అంది.

మజ్జిగ తాగాను.

"గుమ్మటం పడిపోతే మీకు నీడ కూడా పోతుందమ్మా," అన్నాను.

"నీడకేముందండి, చెట్టు కిందయినా కూసుంటాం. చాటు ఎక్కడ తెస్తారు? అన్నిటికీ ప్రభువు చూసుకుంటాడు గానీ, రోడ్డు మీద పోయే కుర్రోళ్ళు కూడా చూస్తారు."

ఆ గోడ చాటున చీర మార్చుకున్నదాన్ని, ఆ గోడే కూలగొడతానని ఆమె పెట్టిన మజ్జిగ తాగుతూ చెబుతున్నాను. గ్లాసు కింద పెట్టి, చాటు లేకుండా గోడ ముట్టనని మాటిచ్చాను. ఎలాగో మాత్రం అప్పటికి నాకు తెలియదు.

దారులన్నీ వెతికాను. పైవరుసలు తీసేసి కింద సగం ఉంచుదామంటే మేస్త్రి గారు తల అడ్డంగా ఊపారు. గోడ కట్టినవాళ్ళు ఇటుకల్ని రెండు పక్కలా స్తంభాల్లోకి దించి కట్టారు, సగం ఉంచినా ఆ పళ్ళు స్తంభాల్ని కొరుకుతూనే ఉంటాయన్నారు. నిజమే. బయట కొత్త గోడ కడదామంటే ఆ జాగా రోడ్డు వాళ్ళది. లోపల కడదామంటే పాత కట్టడంలో కొత్త కట్టుబడి కూడదని మా నిబంధన. కనీసం గుడ్డ కడదామంటే పాత రాతికి మేకు కొట్టకూడదని ఇంకో నిబంధన. ఆ నిబంధన ముసాయిదా రాసింది ఎవరనుకున్నారు, నేనే. కట్టేందుకేమీ లేని శాఖలో చేరి నా చేతులు మాత్రం గట్టిగా కట్టుకున్నాను.

కాలువకు నీళ్ళొదులుతారని కబురొచ్చింది. ఇక ఆగే వీలు లేదు. ముఠా పెద్దకు ఉన్నదున్నట్టు చెప్పాను. మేకు కొట్టకుండా పరదా కట్టే ఉపాయం చూస్తున్నాను, ఇంకా దొరకలేదు, దొరక్కపోతే ఊడ్పులైనన్నాళ్ళూ మా శాఖ టార్పాలిన్ డేరా ఒకటి చేలో వేయిస్తాను, దానికి ఎవరి సంతకం కావాలన్నా నేను తెస్తాను అన్నాను.

"మేం కట్టిన గోడండి," అంది. "పగలగొట్టేది కూడా మేమే. మీ కూలీలు వద్దు."

కమాను కింద సరుగుడు బాదుల ఊతకర్రలతో సెంట్రింగ్ బిగించిన రోజు పొద్దున్నే ముఠా అంతా వచ్చింది. వాళ్ళనెవర్నీ కమాను కిందికి రానివ్వలేదు. పైవరుసలు మేస్త్రి గారూ, ఆయన మనిషీ విప్పి అందిస్తుంటే, వాళ్ళు బారుగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరికి ఇటుకలు దాటించారు. మోసుకొచ్చిన నాటిలాగే. మేస్త్రి గారు మొదటి ఇటుక తీసే ముందు కొబ్బరికాయ కొట్టారు. ముఠా పెద్ద కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఏ వైపు నుంచి సాయమొచ్చినా కాదనే స్థితిలో నేను లేను.

కమానుకూ గోడకూ మధ్య పైవరుస ఊడిరాగానే పైన ఎక్కడో టక్కుమంది. అందరం ఆగిపోయాం. మేస్త్రి గారు నా వైపు చూశారు, ఆపేద్దామా అన్నట్టు. నేను నిచ్చెన ఎక్కి చీలికలో వేలు పెట్టి చూశాను. కాస్త సున్నం రాలింది, ఇంకేం లేదు.

"కానీయండి," అన్నాను.

మధ్యాహ్నానికి గోడ సగం దిగింది. లోపలి వైపు గోడకు పూసిన సిమెంటు పక్కలకు కూడా అడ్డదిడ్డంగా మెత్తి ఉంది. మేస్త్రి గారు దాన్ని ఉలితో మెల్లగా విడగొడుతూ ఆగి, నన్ను పిలిచారు. కమాను భుజాల దగ్గర, ఇటొకటి అటొకటి, రాతిలోంచే చెక్కిన కడియాలు రెండు. గుప్పెడంత ఉన్నాయి. లోపలి అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

మిగతా మూడు కమానుల దగ్గరికి పరిగెత్తి వెతికాం. అక్కడ కడియాలు ఎప్పుడో విరిగిపోయి మొండి గుర్తులు మిగిలాయి. అన్నాళ్ళూ వాటిని ఏదో చెక్కుడు పని అనుకున్నాను. ఈ రెంటినీ గోడే కాపాడింది. హైదరాబాదు ఆర్కిటెక్టుకు ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేసింది. ఇలాంటి గుమ్మటాలకు ఎండకూ దుమ్ముకూ పరదాలు కట్టేవాళ్ళనీ, ఆ అరుగుదల తాడుదే కావచ్చుననీ చెప్పింది. గుర్రాల్ని కట్టినవేమోనని నేనంటే, అంత ఎత్తున కట్టాలంటే గుర్రం నిచ్చెన ఎక్కాలని నవ్వింది.

నేనింకా ఫోన్‌లో ఉండగానే ముఠా పెద్ద మోకు తెచ్చి ఒక కడియంలోంచి దూర్చి, రెండో కడియంలోకి లాగి, తన బరువంతా వేసి వేలాడి చూసింది. నేను కేకేసేలోపే కిందికి దిగింది.

"ఆగుద్దండి," అంది. పాత రాతికి మేకు కొట్టలేదు, కొత్త రాయి ఒక్కటీ పెట్టలేదు. నిబంధనలు రాసినావిడ నోరెత్తలేదు.

గోడ పోయింది. కమాను అంచుల్లో పళ్ళు దిగిన చోట గానుగ సున్నంతో పూడ్చాం, చీలికలో సున్నం పాలు పోశాం. సున్నం గట్టిపడిందని మేస్త్రి గారు తట్టి చెప్పాక, సెంట్రింగ్ విప్పించాను. ఊతకర్ర లాగిన క్షణాన కమాను కింద నేను నిలబడ్డాను. ఎందుకని ఈ కాలం పిల్లలు అడుగుతారు. లెక్క నాది కాబట్టి. మీరలా చేయకండి, హెల్మెట్ కూడా లేదు.

కొత్త గాజు అతికించాక నాకు మిగిలిన పని ఎదురుచూడటం. కాలువకు నీళ్ళొచ్చాయి. నారుమళ్ళకు ఎక్కాయి. నెర్రెలు పూడుకుపోయాయి, నేల మెత్తబడి ఉబ్బింది. వారానికోసారి బెజవాడ నుంచి వెళ్ళి గాజు చూసేదాన్ని. వెళ్ళేటప్పుడు దారిలో ప్రార్థన, వచ్చేటప్పుడు దారిలో చెరుకు రసం. ఊడ్పులు మొదలయ్యాయి. చీలికలో కొడవళ్ళు దోపే చోటు ఇక లేదని ముఠా వాళ్ళు కాస్త సణిగారు. గాజు పగల్లేదు.

ఊడ్పులైపోయే రోజుల్లో ఈ.ఈ. గారు స్వయంగా చూస్తానని బయల్దేరారు. సాయంత్రం వేళ, మబ్బు పట్టి, మేం కారు దిగేసరికి జల్లు మొదలైంది. ఆయన గొడుగు విప్పి, బూట్లు బురదవకుండా ఒక్కొక్క అడుగే చూసుకుంటూ రోడ్డు వైపు కమాను దగ్గరికి వెళ్ళారు. కమాను నిండా పరదా వేలాడుతోంది. నాలుగైదు పాత చీరలు కలిపి కుట్టినది. గాలికి కడుపు నిండినట్టు ఉబ్బి, మళ్ళీ సర్దుకుంటోంది. బరువు లేదు, పునాది అక్కర్లేదు, కమానును పొడవదు.

ఆయన పరదా మీద చెయ్యి వేయబోయారు. లోపల నుంచి ముఠా పెద్ద గొంతు వినిపించింది.

"ఎవరయ్యా అది? ఆగండి, లోపల మనుషులున్నాం."

ఈ.ఈ. గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మిగతా మూడు కమానులూ తెరిచే ఉన్నాయి గానీ, వాటి ముందంతా బురద చేలు. జల్లు పెరిగింది. ఆయన గొడుగు సగం నా మీదికి వంచి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు.

"సరేనండి," అన్నారు. "వాళ్ళదయ్యాకే చూద్దాం."